ఆ కామా దగ్గర ఆగు

చిరంజీవికి,

నలభై పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. బరోడా మహారాజు మూడో శాయాజీరావు గాయక్వాడ్ కథ తెలుగులో వివరంగా రాయాలని పూనుకున్నావు, అందుకు మెచ్చుకుంటున్నాను. మెచ్చుకోలు ఇక్కడితో సరి. ఇక అక్షింతలు.

మొదటి పేజీ కొట్టేయ్. కవళాణా పల్లె నుంచి పిల్లల్ని రాజధానికి తీసుకురావడం, ఎందుకొచ్చావని అడిగితే గోపాలరావు అనే కుర్రాడు (తర్వాత శాయాజీరావు అయింది ఆ పిల్లాడే) రాజ్యమేలడానికి వచ్చానని చెప్పడం... ఆయన గురించి ఎవరు రాసినా అక్కడే మొదలెడతారు. వినడానికి బాగుంటుంది, కాదనను. కానీ రాజులైనవాళ్ళ చిన్ననాటి మాటలన్నీ తర్వాత అలాగే తేలతాయి. దాన్ని జనం చెప్పుకునే కథగా చెప్పు, సాక్ష్యంగా నిలబెట్టకు. అంతకన్నా గట్టి సంగతి నీ మూడో పేజీలో ఓ మూల పడి ఉంది. 1875లో మహారాణి జమ్నాబాయి దత్తత తీసుకునేనాటికి పన్నెండేళ్ళ ఆ పిల్లాడికి చదవడం, రాయడం రాదు. బ్రిటిష్‌వాళ్ళ ప్రతినిధిగా బరోడాలో ఉన్న రెసిడెంట్ కర్నల్ ఫేర్ తాగే షర్బత్‌లో విషం కలిపించాడన్న అభియోగం మీద అంతకుముందు రాజు మల్హార్‌రావును విచారించి, గద్దె దించి అప్పటికి కొన్ని వారాలే అయింది. అలాంటి కొలువులో, ఆ వయసులో అక్షరాలు దిద్దుతున్న కాబోయే రాజు. అక్కడ మొదలెట్టు.

అలాగని 'అందుకే ఆయన నిర్బంధ విద్య పెట్టాడు' అని ఒక్క గెంతు గెంతకు. 1881లో అధికారం చేతికొచ్చింది. 1893లో అమ్రేలీ తాలూకాలో కొన్ని ఊళ్ళలో నిర్బంధ ప్రాథమిక విద్య మొదలైంది. రాజ్యమంతటికీ చట్టం 1906లో వచ్చింది. నువ్వేం రాశావూ? 'అమ్రేలీలో ప్రారంభించి, రాజ్యమంతా విస్తరించాడు.' పదమూడేళ్ళు తల్లీ! ఒక్క కామా పెట్టి దాటేశావు. నీ పుస్తకం ఉండాల్సింది ఆ కామాలోనే.

మగపిల్లలు ఏడు నుంచి పన్నెండేళ్ళ దాకా, ఆడపిల్లలు పదేళ్ళ దాకా బడికి రావాలి. పంపకపోతే తండ్రికి జరిమానా. ఇంతవరకూ నువ్వూ రాశావు. ఆ తండ్రి వైపు నుంచి ఒక్కసారైనా చూశావా? కోతల రోజుల్లో ఎనిమిదేళ్ళ పిల్లాడంటే ఇంటికి రెండు చేతులు. ఆడపిల్లని బడికి పంపితే చంటిదాన్ని ఎత్తుకునేవాళ్ళుండరు. రాజుగారి మేలు ఆ ఇంటి గడపలోకి జరిమానా చీటీ రూపంలో వచ్చింది. అది మేలు కాదనడం లేదు. గడప దగ్గర అదెలా కనిపించిందో రాయమంటున్నాను. అంటరాని పిల్లల కోసం పెట్టిన బళ్ళకి సవర్ణ పంతుళ్ళు వెళ్ళడానికి ఒప్పుకోకపోతే ముస్లిం పంతుళ్ళను వేశారు. ఈ ఒక్క వాక్యంలో ఎంత ఉందో చూడు.

గ్రంథాలయాల భాగం బాగుంది, దాని జోలికి వెళ్ళకు. 1910లో అమెరికా నుంచి గ్రంథాలయ నిపుణుడు బోర్డెన్‌ను పిలిపించడం, పుస్తకాలు చెక్కపెట్టెల్లో పల్లెలకు ప్రయాణం కట్టడం చక్కగా వచ్చాయి. మనవాళ్ళు బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకున్నది 1914లో. ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పు. ఊళ్ళో గ్రంథాలయంలో పెరిగిన ముసలాళ్ళం ఇంకా కొందరం మిగిలాం, సంతోషిస్తాం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. అంబేడ్కర్ గురించి నువ్వు రాసింది నాలుగు లైన్లు. 1913లో మహారాజు స్కాలర్‌షిప్ ఇచ్చి న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి పంపాడు, ఆయన గొప్పవాడయ్యాడు, శుభం. మరి 1917 ఏమైంది?

చదువుకు సాయం చేసినందుకు బదులుగా బరోడాలో పదేళ్ళు కొలువు చెయ్యాలని ఒప్పందం. ఆ మాట కోసం అంబేడ్కర్ లండన్ చదువు సగంలో వదిలి బరోడా వచ్చారు. రాజుగారి కొలువులో ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఊళ్ళో గది లేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న పార్సీలు వచ్చి గది ముందు నిలబడ్డారు. వారం గడువిమ్మని బతిమాలితే ఒప్పుకోలేదు, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగారు. నువ్వొస్తే మా ఇంట్లో నౌకర్లు వెళ్ళిపోతారన్నాడు ఒకాయన. ఇంకొకాయన భార్య మీదికి నెట్టాడు. బొంబాయి బండి రాత్రి తొమ్మిదింటికి. అందాకా కామాటీ బాగ్ అనే తోటలో కూర్చున్నారు. ఇదంతా అంబేడ్కర్ స్వయంగా రాసుకున్నదే. ఇప్పుడు ఆ తోటని శాయాజీ బాగ్ అంటారు.

న్యూయార్క్ దాకా పంపగలిగిన రాజు తన సొంత ఊళ్ళో ఆయనకి ఒక గది ఇప్పించలేకపోయాడు. చట్టం మీద సంతకం పడిన తేదీ ఏ పాత రికార్డులోనైనా దొరుకుతుంది. ఆ చట్టం ఎంతదాకా నడిచి, ఏ గుమ్మం ముందు చతికిలబడిందో వెతికి పట్టుకోవలసింది నువ్వు. కుర్రతనంలో నేనూ ఒక జమీందారు చరిత్ర రాశాను. తవ్వించిన చెరువులు, కట్టించిన సత్రాలు వరసగా పేర్చాను. ఒక పెద్దాయన చదివి, 'చెరువులో నీళ్ళు ఏ వాడ తాగిందయ్యా?' అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ పుస్తకం ఇప్పటికీ ఎవరి చేతికీ ఇవ్వను.

అయితే రాజును బోనెక్కించమని నా అర్థం కాదు. అంబేడ్కర్ ఘట్టం రాస్తున్న ఊపులో ఆయన్ని దొంగ సంస్కర్తను చేసేశావంటే అదీ తప్పే. బాల్యవివాహాల మీద 1904లోనే చట్టం తెచ్చిన మనిషి. కానీ ఇదే మనిషి చదువుకున్న కూతురు ఇందిరను, అప్పటికే భార్య ఉన్న గ్వాలియర్ మహారాజు సింధియాకు ఇవ్వడానికి నిశ్చయం చేశాడు. ఆ పిల్ల కాదని, కూచ్ బిహార్ రాకుమారుణ్ణి కోరుకుని 1913లో లండన్‌లో పెళ్ళాడింది. తల్లిదండ్రులు వెళ్ళలేదు. దీన్ని నువ్వు 'కుటుంబ విశేషాలు'లో పడేశావు! తీసుకొచ్చి వివాహ చట్టాల పక్కన పెట్టు. ఏ వ్యాఖ్యా అక్కర్లేదు.

దర్బారు అధ్యాయం గురించి ఒక్క మాట. 1911 డిసెంబర్ 12న ఢిల్లీ దర్బారులో బ్రిటిష్ చక్రవర్తి అయిదో జార్జి ముందు ఒక్కసారే తల వంచి, వీపు చూపిస్తూ వెనుదిరిగాడని ఉప్పొంగి రాశావు. ఆ తర్వాత వైస్రాయికి క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశాడు కదా, అదేదీ? తెలియకనా, తెలిసి వదిలేశావా? తెలియకపోతే చదువుకో. తెలిసి వదిలేస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. ఆ వీపూ ఆయనదే, ఆ ఉత్తరమూ ఆయనదే.

ఇంకొకటి. 'ప్రజారంజకుడు', 'దార్శనికుడు', 'క్రాంతదర్శి' అనే మాటలు లెక్కపెట్టాను. పంతొమ్మిది. అన్నీ తీసేశాక ఎన్ని పేజీలు మిగిలాయో చూసుకో.

ముందు అమ్రేలీ అధ్యాయం తిరగరాసి పంపు. ప్రింటు తీసే పంపు, ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కావడం లేదు. పక్కన మార్జిన్ వెడల్పుగా వదులు, ఈసారి నాకు రాయడానికి చోటు చాల్లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు