లేత పచ్చా, ముదురు పచ్చా? ముందు మీ గది కిటికీ చూడు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ పడగ్గది గోడలకి వేద్దామనుకుంటున్న పచ్చ రంగుల షేడ్ ముక్కలు, కవర్లో పెట్టి పంపిన రెండూ చేరాయి. ఫోటో తీసి పంపకుండా అసలు కార్డే పంపావు, మంచి పని చేశావు. ఒక్కో ఫోన్లో పచ్చ రంగు ఒక్కోలా కనిపిస్తుంది.

నీకేమో లేతది కావాలి, అల్లుడుగారికి ముదురుది కావాలి, తీర్పు నన్ను చెప్పమన్నావు. నలభై ఏళ్లు రాజమండ్రిలో ఇళ్లకి రంగులు వేసినవాణ్ణి, చెప్పగలను. కాకపోతే కార్డు చూసి కాదు, గది చూసి చెప్పాలి. గృహప్రవేశానికి వచ్చినప్పుడు మీ గది చూశాను. పది బై పన్నెండు. ఒక్కటే కిటికీ, అదీ ఉత్తరానికి. నాలుగడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ గోడ. అంటే ఎండ లోపలికి రాదు, ఆ గోడకి తగిలి వచ్చే వెలుగే మీకు దిక్కు.

వెలుగు తక్కువ గదికి లేత రంగు వేస్తే గది వెలిగిపోతుందని అందరూ అనుకుంటారు. గోడ తనంతట తాను వెలగదమ్మా, తన మీద పడిన వెలుగులో కొంత తిరిగి ఇస్తుంది, అంతే. ఎంత ఇస్తుందో తెలిపే అంకె ఒకటుంది, ఎల్ఆర్‌వీ అంటారు. నలుపు 0, తెలుపు 100. చాలా కంపెనీలు షేడ్ వివరాల్లో ఇస్తాయి, షాపులో అడుగు. మీ గదికి 60 దాటినది కావాలి. అల్లుడుగారు మెచ్చిన బాటిల్ గ్రీన్ లాంటివి 10కి అటూ ఇటూ ఉంటాయి.

అయితే అంకె ఒక్కటే చూస్తే చాలదు. మన భాషలో పసుపునీ పచ్చే అంటాం, ఆకునీ పచ్చే అంటాం. పసుపుపచ్చ, ఆకుపచ్చ. రంగులు కలిపేవాడికి ఆ మాటలోనే దారి కనిపిస్తుంది. ప్రతి పచ్చా అయితే పసుపు వైపు ఒరుగుతుంది, లేకపోతే నీలం వైపు ఒరుగుతుంది. నువ్వు ఎంచుకున్న లేత రంగు నీలం వైపుది. ఎండ పడే గదిలో అది చల్లగా, హాయిగా ఉంటుంది. మీ గదిలో మాత్రం మధ్యాహ్నానికే బూడిద రంగులోకి దిగిపోయి ఆస్పత్రి వార్డులా కనిపిస్తుంది. అదే లేతదనంలో పసుపు వైపుది చూడు, అరటి మొవ్వ విప్పుకునేటప్పుడు ఉండే రంగు. లేతా ముదురా అన్నదాని కంటే నాకు ఇదే ముఖ్యం.

ఇక ముదురు రంగు. మా అమ్మ చివరి రోజుల్లో, ఆమె గదికి నేనే నాలుగు గోడలకీ ముదురు ఆకుపచ్చ వేశాను. చూడ్డానికి ఎంత బాగుందో! ఆమెకి అప్పటికే కళ్లలో శుక్లాలు. సాయంత్రం అయ్యేసరికి గోడ ఎక్కడో, ముదురు రంగు తలుపు ఎక్కడో తెలియక చెయ్యి చాచి తడుముకుంటూ నడిచేది. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఒకరోజు గుమ్మానికి నుదురు కొట్టుకుంటే అప్పుడు తెలిసింది. ఆ వారమే మళ్లీ ప్రైమర్ కొట్టి, మూడు కోట్లు, అంటే మూడు పూతలు, వేస్తే గానీ కింది పచ్చ కప్పలేదు. మీ అత్తగారు వచ్చినప్పుడు ఆ గదిలోనే పడుకుంటారు కదా, అందుకే ఇంత చెబుతున్నాను.

అలాగని అల్లుడుగారి మాట తీసెయ్యను. ముదురు రంగు ఒక్క గోడకి వేయండి, కానీ ఏ గోడకి వేస్తున్నారన్నది చూసుకోండి. కిటికీ ఉన్న గోడకి వద్దే వద్దు. ఆ గోడ మీద అసలే వెలుగు పడదు, దానికి ముదురు వేస్తే మధ్యలో కిటికీ కళ్లలో పొడిచినట్టు ఉంటుంది. కిటికీకి ఎదురు గోడ వచ్చిన వెలుగుని గదిలోకి తిప్పి పంపేది, దాన్ని లేతగానే ఉంచండి. బాత్రూమ్‌ని ఆనుకున్న గోడకీ వద్దు. ఎప్పుడైనా నెమ్ము ఎక్కి ఉప్పు పొంగితే ముదురు రంగు మీద తెల్లగా తేలిపోతుంది. మిగిలింది మంచం తలవైపు పక్కగోడ. అదే సరైనది.

పక్కగోడతో ఒక చిక్కుంది. వెలుగు దాని మీద ఏటవాలుగా పడుతుంది కాబట్టి లప్పంలో, అదే గోడ నునుపు చేసే పుట్టీలో, ఉన్న ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. రంగు వేసే ముందు చీకటి పడ్డాక బల్బుని గోడకి దగ్గరగా పక్కనుంచి పట్టుకుని చూడమని పెయింటర్‌తో చెప్పు. నీడలు కనిపించిన చోట మళ్లీ లప్పం పెట్టి సాండ్‌పేపర్ పట్టాలి. విసుక్కున్నా వదలకు. మెరుపు ఉన్న రకం కాకుండా మ్యాట్ తీసుకో. చేతులు తగిలిన చోట మరకలు కనిపిస్తాయి, అది మాత్రం ఓర్చుకోవాలి.

పన్నెండడుగుల గోడకి రెండు కోట్లకి సుమారు లీటరు పడుతుంది. ముదురు షేడ్లు కలిపే బేస్‌లో, అంటే షాపువాడు రంగు కలిపే మూల పెయింట్‌లో, తెల్ల పిగ్మెంట్ తక్కువ, కింది తెలుపు కప్పడానికి మూడో కోటు అవసరం అవుతుంది. లీటరున్నర లెక్క వేసుకో.

డబ్బాలు కొనే ముందు రెండడుగుల అట్టలు రెండు తీసుకుని తెల్ల ప్రైమర్ వేసి, ఒక్కో షేడ్ రెండు కోట్లు వేయించు. నేరుగా గోడ మీద వేసి చూడకు. ఇప్పుడున్న గులాబీ రంగు పక్కన ఏ పచ్చయినా ఉన్నదానికంటే ఎక్కువ పచ్చగా కనిపిస్తుంది. అట్టలు పూర్తిగా ఆరాక చూడండి, ఎమల్షన్ తడిగా ఉన్నప్పటికంటే ఆరాక ముదురుతుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేసీ చూడండి. మీ గదిలో బల్బు పెట్టె మీద వెలుగు రంగు తెలిపే అంకె ఉంటుంది. 6500కె అని ఉంటే పచ్చ చల్లబడుతుంది, 3000కె అయితే పసుపు తిరుగుతుంది. ఏ బల్బు ఉంచుతారో ముందే తేల్చుకోండి.

ఆదివారం దాకా అట్టలు గోడకి ఆనించే ఉంచండి. ఆ రోజు సాయంత్రం ఆరింటికి, లైటు వెయ్యకముందు, ఇద్దరూ గదిలో కూర్చుని నాకు ఫోన్ చెయ్యండి. ఏది ఎలా కనిపిస్తోందో అప్పుడు చెప్పండి.

ఉంటాను తల్లీ,
మీ పెదనాన్న