తమ్ముడితో సమానంగా బరువెత్తాలని నొప్పి బిళ్లలు వేసుకుంటున్నారా?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు, బరువు 64 కిలోలు. 8 నెలల కిందట మా బాబాయి కొడుకు, నేను ఒకే రోజు జిమ్‌లో చేరాం. తమ్ముడి బరువు 92 కిలోలు, కాలేజీలో కబడ్డీ ఆడేవాడు. ఇప్పుడు డెడ్‌లిఫ్ట్‌లో (నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా ఎత్తడం) 120 కిలోలు ఎత్తుతున్నాడు. 30 కిలోలతో మొదలుపెట్టిన నేను 75 దగ్గరే ఆగిపోయాను. రెండు నెలలుగా నడుం నొప్పి ఉండి ఎడమ పిక్క దాకా లాగుతోంది కాబట్టి జిమ్‌కు వెళ్లే ముందు పెయిన్‌కిల్లర్, గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నాను. నాకు టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) తక్కువగా ఉందేమో? ఇంజెక్షన్ తీసుకోవచ్చా? పెళ్లయి ఏడాదైంది.

జవాబు: మీరు అడిగింది టెస్టోస్టిరాన్ గురించే అయినా, నన్ను కలవరపెట్టింది మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన నడుం నొప్పి. నడుములో మొదలైన నొప్పి మోకాలు దాటి పిక్క వరకు దిగుతోందంటే, వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ పక్కకు జరిగి నరాన్ని ఒత్తుతోందేమోనని ముందుగా అనుమానించాలి. మిమ్మల్ని పరీక్షించకుండా అదేనని నేను చెప్పలేను. కానీ అలాంటి నొప్పిని బిళ్లతో అణచివేసి, దాని మీద 75 కిలోలు ఎత్తడం రెండు నెలలుగా సాగుతోందంటే, మీరు ఈపాటికే డాక్టరును కలిసి ఉండాల్సింది.

ఈ సాయంత్రం ఇంట్లో ఒక పని చేయండి. గోడకు దగ్గరగా నిలబడి మడమల మీద పది అడుగులు, తర్వాత మునివేళ్ల మీద పది అడుగులు నడవండి. ఆ తర్వాత గోడను పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి మడమను పదిసార్లు పైకి లేపండి, రెండో కాలితోనూ అలాగే చేయండి. ఎడమ కాలు ముందుగా అలసిపోయినా, పాదం లేవకపోయినా అది నొప్పిని మించిన సమస్య, నరం బలహీనపడుతోందన్న సూచన. ఇలాంటి నొప్పితోనే కొన్ని వారాలు జిమ్ కొనసాగించిన ఒక యువకుడు, నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోతోందని, నాలుగడుగులు వేశాక గానీ తనకు తెలియడం లేదని చెబుతూ నా దగ్గరకు వచ్చాడు. చెప్పు వదులైందనుకుని అప్పటికే కొత్త జత కొనుక్కున్నాడు. అసలు కారణం పాదాన్ని పైకెత్తే కండరం పట్టు తప్పడం. ఆపరేషన్ తర్వాత బలం చాలావరకు తిరిగి వచ్చింది గానీ పూర్తిగా రాలేదు. నొప్పి బిళ్లలతో నెట్టుకురాకుండా నెల ముందే వచ్చి ఉంటే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక ఆ బిళ్లల సంగతి. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటివి మందుల షాపులో చీటీ లేకుండా దొరికినంత మాత్రాన వాటిని రోజూ మింగవచ్చని కాదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గకుండా కాపాడే రసాయనాలను ఇవి అడ్డుకుంటాయి. జిమ్‌లో చెమట ధారలుగా పోయే ముందు వేసుకోవడమంటే సరిగ్గా మూత్రపిండాలకు ఆ రక్షణ కావలసిన వేళ దాన్ని తీసేయడమే. వీటితో రక్తపోటు కూడా పెరగవచ్చు. గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నాను కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది కడుపులో పుండ్లు పడే అవకాశాన్ని తగ్గిస్తుందేమో గానీ మూత్రపిండాలకు ఏ రక్షణా ఇవ్వదు. రక్తపోటు, సీరం క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష చేయించుకోండి. కండబలం కోసం జిమ్‌కు వెళ్లేవారు తీసుకునే క్రియాటిన్ పొడి మీరూ వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి, దానివల్ల క్రియాటినిన్ అంకె కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు. వ్యాయామం తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

టెస్టోస్టిరాన్ ఎంత ఉందో డెడ్‌లిఫ్ట్ అంకె చెప్పదు. లక్షణాలు ఉన్నవారికి ఉదయం వేళ రెండు వేర్వేరు రోజుల్లో రక్తపరీక్ష చేసి చూస్తే తప్ప లోపం ఉందని తేల్చం. అవసరం లేని ఇంజెక్షన్ వల్ల వృషణాల సొంత ఉత్పత్తి మందగించి వీర్యకణాలు బాగా పడిపోతాయి, ఒక్కోసారి పూర్తిగా కనిపించవు. పెళ్లయి ఏడాదైన వ్యక్తి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జిమ్‌లో ఎవరు ఇస్తామన్నా ఒప్పుకోకండి.

తమ్ముడితో పోలిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ బిళ్లల దాకా మిమ్మల్ని తెచ్చింది అదే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచినప్పుడు ఆమె పోటీపడింది 69 కిలోల విభాగంలో. బరువులెత్తడమే ఆటగా ఉన్నచోట కూడా 64 కిలోల మనిషిని 92 కిలోల మనిషి పక్కన నిలబెట్టరు. మీ ఒంటి బరువుకు మీరు దాదాపు 1.17 రెట్లు ఎత్తుతున్నారు, అతను 1.3 రెట్లు. మీరు బెంగపడుతున్నంత తేడా అందులో లేదు. చేతులు పొడుగ్గా ఉన్నవారికి డెడ్‌లిఫ్ట్‌లో కడ్డీ ప్రయాణించే దూరం తగ్గుతుంది, కబడ్డీ ఆడిన కాళ్లకు ఏళ్ల తరబడి సాధన ఉంది. పైగా కండరం కంటే దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు నెమ్మదిగా గట్టిపడతాయి. 30 నుంచి 75కు రావడం మీ కష్టం, దాన్ని చిన్నచూపు చూడకండి.

నొప్పి సంగతి తేలేవరకు డెడ్‌లిఫ్ట్, స్క్వాట్ (బరువుతో గుంజీలు) ఆపండి, నడక ఆపనక్కర్లేదు. డాక్టరు సరేనన్నాక, పాత బరువులో సగం కంటే తక్కువతో, ఫిజియోథెరపిస్టు చూస్తుండగా మొదలుపెట్టండి. ఒక నోటుపుస్తకంలో ఎత్తిన బరువు, ఎన్నిసార్లు ఎత్తారు, మర్నాడు ఉదయం నడుము, కాలు ఎలా ఉన్నాయి అని రాసుకోండి. బరువు పెంచాలా వద్దా అన్నది ఆ మూడో గడిని చూసి నిర్ణయించుకోవాలి.

ఈ వారంలోనే ఆర్థోపెడిక్ లేదా న్యూరోసర్జన్‌ను కలవండి. నడకలో తేడా కనిపిస్తే మర్నాడే వెళ్లండి. మూత్రం బిగుసుకుపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు వాడిన బిళ్లల ఖాళీ స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి, ఎన్ని వేసుకున్నారో తగ్గించి చెప్పకండి.