డర్బన్ వెళ్లిపోయిన ముత్తాత తమ్ముణ్ణి ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: నమస్తే అండి. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. మా ముత్తాత తమ్ముడు అప్పలసామి అని, పెళ్లి కాకముందే దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిపోయాడని, మళ్లీ రాలేదని మా నానమ్మ చెప్పేది. ఏ సంవత్సరమో ఎవరికీ తెలీదు. మా ఇంటిపేరు కొట్టి గూగుల్ అంతా వెతికా, ఏం దొరకలేదు. ఆయన పిల్లలు అక్కడ ఉండి ఉంటారా, ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు ఇంటిపేరు పక్కన పెట్టేయండి, దాంతో దొరకదు. అప్పట్లో కూలీల్ని తీసుకెళ్లిన ఓడల లిస్టుల్లో ఇంటిపేరుకి గడే లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తులు, ఏ ఓడ, అంతే. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్‌లో దిగినప్పటి నుంచి 1911 దాకా లక్షా 52 వేల మంది పైగా అలా వెళ్లారు, ఒక్కొక్కరికీ ఒక కలోనియల్ నంబర్ ఇచ్చారు, చంకలో పిల్లలకి కూడా. చదువుతుంటే గుండె పట్టేస్తుందండి నిజంగా. ఈ లిస్టులు క్వాజులు-నేటాల్ యూనివర్సిటీ వాళ్ల గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ సైట్‌లో ఉన్నాయి, ఫ్రీ.

అక్కడ శ్రీకాకుళం జిల్లా అని మాత్రం వెతక్కండి. ఈ జిల్లా వచ్చింది 1950లో, అప్పట్లో టెక్కలి, చికాకోల్ (శ్రీకాకుళం పాత పేరు) అంతా గంజాం జిల్లా, 1936లో ఒరిస్సా ఏర్పడ్డాకే మన వైపు విశాఖపట్నంలో కలిసింది. కాబట్టి గంజాం కొట్టండి, ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా వినపడిందో అలా రాసుకున్నాడు కాబట్టి మీ ఊరి పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఓ పది రాసుకుని ఒక్కొక్కటీ ట్రై చేయండి. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మన వైపు ఉండదు కదా, అప్పలసాములు బోలెడంత మంది తగులుతారు. ముత్తాత తండ్రి పేరు తెలిస్తేనే ఎవరు మీవాళ్లో తేలుతుంది, అది ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి పెట్టుకోండి. ఒక మనిషి దొరికాక ముందూ వెనకా ఇరవై నంబర్లు కూడా చదవండి, ఒకే ఊరివాళ్లు కలిసి వెళ్లినప్పుడు పక్కపక్కనే ఉంటారు, మీ ఊరి పేరు ఇంకో స్పెల్లింగ్‌లో అక్కడే కనపడొచ్చు.

తర్వాతి తరం సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ చాలామందికి తండ్రి పేరే ఇంటిపేరైపోయింది, అంటే మీ అప్పలసామి గారి మనవలు ఇప్పుడు అప్పల్సామి అనే సర్‌నేమ్‌తో ఉండొచ్చు. ఆ పేరుతో దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ ఇండెక్స్, దాన్ని నాయిర్స్ అంటారు, అందులో వెతకండి. చనిపోయినవాళ్ల ఆస్తి ఫైల్ ఏదైనా తగిలితే అదృష్టమే, అందులో డెత్ నోటీస్ ఉంటుంది, దాంట్లో తల్లిదండ్రులు, భార్య, పిల్లల పేర్లు ఉంటాయి. అక్కడ కనపడేది ఫైల్ నంబర్ మాత్రమే, కాగితం కాదు. ఫ్యామిలీసెర్చ్‌లో ఫ్రీ అకౌంట్ తీసుకుంటే నేటాల్ మరణాల రిజిస్టర్ల స్కాన్లు చూడొచ్చు, ఓపిక మాత్రం కావాలి.

ఆయన ఎందుకు వెళ్లాడో కాస్త అర్థం కావాలంటే 1882 నాటి గంజాం డిస్ట్రిక్ట్ మాన్యువల్ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో చదవండి, మాల్ట్‌బీ రాసింది. 1866 కరువు ఒరిస్సాతో పాటు గంజాంని కూడా ఎంత దెబ్బ తీసిందో తెలిస్తే, కుర్రాళ్లు ఓడెక్కడం వింతగా అనిపించదు.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో మా తాతగారు 1950ల్లో అమ్మిన పొలం ఎవరి పేరు నుంచి వచ్చిందో ఆన్‌లైన్‌లో తెలుస్తుందా?

జవాబు: అంత వెనక్కి ఆన్‌లైన్‌లో వెళ్లదండి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) సాధారణంగా 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సర్వే నంబర్ పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్ ఈసీకి అప్లై చేయండి, పాత ఆర్ఎస్ఆర్ (భూమి సర్వే నాటి రిజిస్టర్) నకలు కోసం తహసీల్దార్ ఆఫీసులో అడగండి. దాంట్లో అప్పటి పట్టాదారు పేరు, చాలాసార్లు ఇంటిపేరుతో సహా ఉంటుంది.