షట్‌డౌన్ లోగో దగ్గరే ఆగిపోతే ముందు ఎస్కేప్ నొక్కండి

షట్‌డౌన్ చేస్తే కంప్యూటర్ లోగో దగ్గరే ఆగిపోతోందని అడిగారు కదా. మీ ఉబుంటు (కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) పాడవలేదు, ఏదో ఒక సర్వీస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) ఆగకుండా మొండికేస్తోంది. అలాంటప్పుడు సిస్టమ్‌డీ (ఉబుంటులో సర్వీసులను నడిపి, ఆపే ప్రోగ్రామ్) మామూలుగా 90 సెకన్లు చూసి, దాన్ని బలవంతంగా ఆపుతుంది. మీ హనుమకొండ షాపులో రోజూ రాత్రి లోగో దగ్గర నిమిషం చూసి స్విచ్ బోర్డులో ఆపేస్తున్నానన్నారు. ఇంకో అర నిమిషం ఉందనగా కరెంటు తీసేస్తున్నారన్నమాట. దయచేసి అది మానండి, ఫైళ్లు దెబ్బతినొచ్చు.

1. షట్‌డౌన్ కొట్టి, లోగో రాగానే ఎస్కేప్ కీ నొక్కండి. చాలామంది వదిలేసేది ఇదే. లోగో వెనక "ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్ ఫర్" అనే లైన్ కనిపిస్తుంది, పక్కనే సెకన్లు మారుతుంటాయి. "ఫర్" తర్వాత ఉన్న పేరే దొంగ. ఫోన్‌తో ఫొటో తీసుకోండి, లేకపోతే చదివేలోపు పోతుంది.

2. అది షేర్డ్ ఫోల్డర్ పేరా? మీకు రెండు కంప్యూటర్లున్నాయి కాబట్టి నా అనుమానం దాని మీదే. కాజీపేటలో మాకూ ఇదే అయింది. ఫోల్డర్ ఉన్న కౌంటర్ కంప్యూటర్‌ని ముందు ఆపేవాళ్లం, రెండోది ఆ ఫోల్డర్ కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. ఫోల్డర్ ఉన్నదాన్ని చివర్లో ఆపండి.

3. వేరే పేరైతే టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ (sudo systemctl stop) కొట్టి, పక్కన ఆ సర్వీస్ పేరు ఇవ్వండి. తర్వాత షట్‌డౌన్ చేస్తే వెంటనే ఆగిందా, కారణం అదే.

90 సెకన్లను 5కి తగ్గించమని ఎవరో చెప్పారన్నారు. ఇప్పుడే వద్దు. మీ బిల్లింగ్ డేటాబేస్ రాసుకోవడం పూర్తికాకముందే తెగిపోవచ్చు.