‘ఫ్రీ’ అని ఉంటేనే వాడాను, ఇప్పుడు నోటీసు వచ్చింది

ప్రశ్న: మాది నల్గొండ. ఇంట్లో ఉంటూనే వెబ్‌సైట్లు చేస్తాను. ఒక చీరల దుకాణం సైట్‌కు బ్యాక్‌గ్రౌండ్‌గా, అతుకు కనపడకుండా పరుచుకునే ఇకత్ టైల్ ఒకటి నెట్‌లో ‘ఫ్రీ’ అని ఉంటే తీసి పెట్టాను. అది గీసినామె లాయరు 15 రోజుల్లో 85 వేలు కట్టాలని, లేదంటే క్రిమినల్ కేసని నోటీసు పంపారు. దుకాణం ఆయన తనకేం సంబంధం లేదంటున్నాడు. మా అమ్మ పోచంపల్లి చీరను స్కాన్ చేసి నేనే టైల్ చేసుకోవచ్చా?

జవాబు: టెన్షన్ పడకండి అమ్మా, కానీ ఆ టైల్ మాత్రం ఈ రోజే తీసేయండి. తీసేముందు మీరు డౌన్‌లోడ్ చేసిన పేజీని, అక్కడ రాసి ఉన్న షరతులతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపటికి ఆ పేజీ ఉంటుందో లేదో. ఈ రోజే అని ఎందుకంటున్నానంటే, 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు పడేది తెలిసి చేసినవాళ్లకు. నోటీసు అందేదాకా నాకు తెలియదని మీరు చెప్పుకోవచ్చు, అందిన తర్వాత కూడా అలాగే ఉంచితే ఆ మాట నిలవదు. ఈ నేరం కాగ్నిజబుల్ (వారంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలది), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి నోటీసును పక్కన పడేయొద్దు.

డబ్బులు అడగనంత మాత్రాన అన్నిటికీ వాడుకోమని ఇచ్చినట్టు కాదు. గీసినవారే షరతులు పెట్టి వాడుకోమని ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ‘సీసీ బై’ అంటే గీసినవారి పేరు వేయాలి, పక్కన ‘ఎన్‌సీ’ ఉంటే వ్యాపారానికి వాడకూడదు, చీరల దుకాణం వ్యాపారమే కదా. ఇంకో చిక్కుంది. ఎవరో ఆమె బొమ్మను ఎత్తుకొచ్చి ‘ఫ్రీ’ అని పెట్టి ఉంటే, లేని హక్కును అతను మీకు ఇవ్వలేడు.

అసలు ఆమెదేనా అన్నది కూడా చూడాలి. ఇలాంటి తగాదాలో ఒకసారి రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూశాను. రెండింట్లోనూ మూడో వరసలో ఒక డైమండ్‌కు కుడివైపు మెట్టు ఒకటి తగ్గింది, టైల్ తిరిగి వచ్చిన ప్రతిచోటా అదే తప్పు. గీసేటప్పుడు చెయ్యి జారిన తప్పు ఇద్దరికీ ఒకేచోట ఎలా వస్తుంది? అక్కడే కాపీ దొరికిపోయింది. మీ ఫైళ్లను కూడా అలా చూడండి. వట్టి గళ్లు, చారలు, చుక్కలైతే అవి ఎవరి సొత్తూ కావు. కొంతైనా సొంత సృజన ఉంటేనే కాపీరైట్ అని 2007లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

85 వేలు అన్నది వాళ్లు వేసుకున్న లెక్క. దానికి కాపీరైట్ ఉందని తెలియక వాడానని, అలా అనుమానించే కారణం కూడా లేదని రుజువు చేసుకుంటే, 55వ సెక్షన్ ప్రకారం కోర్టు వాడకం ఆపించి, దానివల్ల వచ్చిన లాభంలో కొంతో మొత్తమో ఇప్పించగలదు, అంతకు మించి కాదు. అయితే ఇదే పని చేసుకునే మీరు షరతులు ఎందుకు చదవలేదని జడ్జిగారు తప్పకుండా అడుగుతారు. అందుకే టైల్ తీసేశామని రాతపూర్వకంగా జవాబిచ్చి, సైట్‌కు మీరు తీసుకున్న ఫీజును బట్టి న్యాయమైన మొత్తానికి రాజీ మాట్లాడుకోవడం మేలని నా అభిప్రాయం. సైట్ దుకాణం ఆయనదే కాబట్టి ఆయన పూర్తిగా తప్పుకోలేడు, కానీ డిజైన్ల బాధ్యత నాదే అని మీరు రాసిచ్చి ఉంటే ఆ డబ్బు మిమ్మల్నే అడుగుతాడు.

ఇక అమ్మ చీర. పడుగుకూ పేకకూ రబ్బరు కట్టి రంగులద్దే పని, తరాలుగా వస్తున్న ఆ డైమండ్లు అందరివీ. నేత కార్మికుడు కొత్తగా కట్టిన డిజైనైతే, 2000 డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ అయితే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. నేసినాయన తెలిస్తే అడిగి, కాగితం మీద ఒప్పుకోలు తీసుకోండి, నాలుగు రూపాయలు ఆయనకూ ముట్టాలి. పోచంపల్లి ఇకత్‌కు జీఐ (ఆ ప్రాంతం సరుకుకే ఆ పేరు చెందే భౌగోళిక గుర్తింపు) ఉంది కాబట్టి ప్రింటు చీరలమ్మే సైట్‌కు ఆ పేరు పెట్టకండి.

లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. నోటీసు వచ్చిన కవరు కూడా పట్టుకెళ్లండి, వాళ్లు పంపిన తేదీ దాని మీదే ఉంటుంది.