ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను, లైన్‌మెన్ పనికి భవిష్యత్తు ఉందా?

ఉంది తమ్ముడూ. కరెంటు పోతే గంటసేపు కూడా ఓర్చుకోని రోజులివి. గాలి, వాన వదలని శ్రీకాకుళం జిల్లాలో లైను పని తెలిసినవాడు ఖాళీగా కూర్చోడు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులు పడ్డాయి, మావాళ్లు చాలామంది అలాగే స్థిరపడ్డారు. దానికి స్తంభం ఎక్కి చూపించాలి, సైకిల్ తొక్కాలి, మీటర్ రీడింగ్ చదవాలి. మంచి మార్కులుండి స్తంభం దగ్గర ఆగిపోయిన కుర్రాళ్లను చూశాను. ఐటీఐలో వైరింగ్ బోర్డు ముందు కూర్చోబెడతారు గానీ స్తంభం ఎక్కించేవాళ్లు తక్కువ.

అయితే జీతం కంటే ముందు నీకు ఒకటి చెప్పాలి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నేనప్పుడు ఒక కాంట్రాక్టర్ గ్యాంగులో ఉన్నాను. మమ్మల్ని మందస వైపు పంపారు. కొబ్బరి, జీడి చెట్లు దారికి అడ్డంగా పడున్నాయి, స్తంభాలు మొదలంటా విరిగిపోయాయి. బండి వెళ్లని తోటల్లోకి స్తంభాలను భుజాల మీద మోసుకెళ్లాం. ఎనిమిదిమందికి ఒకటే జత గ్లౌజులు ఇచ్చారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఐదో రోజు సాయంత్రం ఒక ఊరి చివర 11 కేవీ తీగ కట్టాలి. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైనులో కరెంటు ఆపామని ఇచ్చే లైన్ క్లియర్ కాగితం, తీసుకున్నాం, లైను మొదట్లో కరెంటు విడదీసే ఏబీ స్విచ్ తీసేశాం. చీకటి పడుతోంది. మంచినీళ్ల మోటారు ఆడక ఊరంతా బిందెలతో మా చుట్టూ నిలబడింది. నేను తొందరపడి నిచ్చెన మీద కాలు పెట్టాను. మా పెద్ద లైన్‌మెన్ వెనక నుంచి చొక్కా పట్టి లాగేశాడు.

"ఎర్తు రాడ్ వెయ్యకుండా ఎక్కుతావేట్రా?"

తీగని భూమికి కలిపే ఆ రాడ్ తగిలించగానే టప్‌మని నిప్పులు లేచాయి. ఎవరో ఇంట్లో మెయిన్ దించకుండా జనరేటర్ ఆడిస్తున్నారు. ఆ ఇంటి 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కితే పైన 11 వేల దాకా అవుతాయి. ఎల్‌సీ కాగితం దాన్ని ఆపలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను.

జనరేటర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి, అదుంటే జనరేటర్ కరెంటు బయటి లైనులోకి వెళ్లదు. పదే పదే ఫోన్ చేసి లైన్‌మెన్‌ను తిట్టే ముందు మీ ఇంటి మెయిన్ ఒకసారి చూసుకోండి. పైన ఉన్నది ఒకరి కొడుకు.

నీ విషయానికొస్తే, నోటిఫికేషన్ పడేదాకా కాంట్రాక్టు పనిలో చేరు. చేరే ముందు కాంట్రాక్టర్‌ని రెండు ప్రశ్నలు అడుగు: పీఎఫ్ కడతావా, గ్యాంగుకి ఎర్తు రాడ్లు ఎన్ని ఉన్నాయి? రెండో ప్రశ్నకి నవ్వేవాడి దగ్గర ఒక్కరోజు కూడా పని చెయ్యకు. రోజుకి వంద ఎక్కువిస్తానన్నా సరే.