ఆరు వేలలో ఆట మూలలు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: పర్లాకిమిడిలో ఇంటి ముందుగదిలోనే చిన్న ప్రీస్కూలు నడుపుతున్నాను. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 20 మంది. గది 12 అడుగులకు 15. ఈ ఏడాది సామాన్లకు రూ. 6,000కు మించి పెట్టలేను. ముందు ఏం కొనాలి?

జవాబు: డబ్బు పెట్టాల్సినవి ముఖ్యంగా రెండే అమ్మా. చెక్క దిమ్మలు, పుస్తకాలు. దిమ్మలకు 2,500, పుస్తకాలకు 2,000, రంగులు, కాగితం, జిగురు, ఆడుకునే పిండిముద్దలకు 500 వేసుకోండి. మిగతా వెయ్యి దసరా దాకా ముట్టుకోకండి. పిల్లలు దేనితో ఎక్కువ ఆడుతున్నారో, ఏది విరుగుతోందో అప్పటికి మీకే తెలుస్తుంది. మొదటి నెలలోనే అంతా ఖర్చుపెట్టేస్తే ఆ కొరత తీర్చడానికి చేతిలో ఏమీ ఉండదు.

మీ గదికి నాలుగు ఆట మూలలు చాలు: దిమ్మలు, ఇల్లు-అంగడి, పుస్తకాలు, చేతిపని. ఒక్కోదానికి ఐదుగురు. దిమ్మల మూలను ఇంటి మూల పక్కనే పెట్టండి. కట్టిన ఇంట్లోకి గిన్నెలు తెచ్చుకుంటారు, ఆట పెరుగుతుంది. రెండూ గోలగా ఉండేవే కాబట్టి పుస్తకాలు ఎదురుగోడ వైపు, కిటికీ వెలుగులో ఉండాలి. దిమ్మలను గుమ్మం దగ్గర మాత్రం పెట్టొద్దు. వచ్చేపోయే కాళ్లు తగిలి కట్టింది కూలుతుంది, అక్కడే కొట్లాట మొదలవుతుంది.

అలమరలు కొనకండి. పళ్ల దుకాణాల్లో పాత ప్లాస్టిక్ క్రేట్లు దొరుకుతాయి. వాటిని పక్కకు పడుకోబెట్టి, ఒకదానికొకటి తాడుతో బిగించి కట్టి, గోడకు ఆనించండి. ఎత్తు 60 సెంటీమీటర్లు దాటకూడదు. ఇటుకల మీద పలక వేసే అరలు చౌకే కానీ, పిల్లవాడు అంచు పట్టుకుని లేచాడంటే ఇటుక కాలి మీద పడుతుంది. చెక్క పెట్టెలైతే మేకులు బయటికి పొడుచుకొస్తుంటాయి.

దిమ్మలకు వడ్రంగి దగ్గరకే వెళ్లండి. కొత్త టేకు అక్కర్లేదు. మామిడి చెక్క గానీ, ఇంటిపనుల్లో మిగిలిన గట్టి చెక్క తునకలు గానీ చాలు. ప్లైవుడ్ వద్దు, అంచులు పెచ్చులుగా లేచి గుచ్చుకుంటాయి. పాత తలుపుల చెక్క కూడా వద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో ఎంత సీసం ఉందో చెప్పలేం, పిల్లలేమో దిమ్మను నోట్లో పెట్టుకుంటారు.

కొలతలు ఇవీ: వెడల్పు 7, మందం 3.5 సెంటీమీటర్లు, పొడవు 14. ఇది అసలు దిమ్మ, 40 కావాలి. దీని సగం 7 సెంటీమీటర్లవి 20, రెట్టింపు 28 సెంటీమీటర్లవి 12. రెండు చిన్నవి కలిపితే ఒక పెద్దది అవుతుందని పిల్లలు చేత్తో పట్టుకుని తెలుసుకోవాలి, అందుకే ఈ లెక్క. కోతలో పోయేదానితో కలిపి మొత్తం 36 అడుగుల పట్టీ పడుతుంది. చిత్రిక పట్టగా పోయేదానితో కలిపి ఒకటింపావు ఘనపుటడుగు చెక్క అడగండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. 28 సెంటీమీటర్ల ముక్కను సగానికి కోసి రెండు 14లు వస్తాయనుకుంటారు. రంపం కోతలోనే సుమారు 3 మిల్లీమీటర్లు పోతుంది, రెండూ పొట్టివవుతాయి. అలాంటివి నాలుగు వరసలు పేర్చేసరికి గోడ వంగుతుంది. పిల్లవాడు తన చేతిదే తప్పనుకుని దిమ్మలు వదిలేస్తాడు. ప్రతి ముక్కనూ ఒకే అచ్చు ముక్క పక్కన పెట్టి గీత గీసి కోయమనండి. తర్వాత 80 నంబరు ఉప్పుకాగితం, ఆపైన 150. మూలలన్నీ మొద్దుగా అరగాలి. రంగు, వార్నిష్ ఏమీ వద్దు.

ఇల్లు-అంగడికి పైసా పెట్టక్కర్లేదు. పాత స్టీలు గిన్నెలు, గరిటెలు, చిన్న చేట, చిరిగిన చీరను కోసి కుట్టిన రెండేసి గజాల ముక్కలు, పాత వెదురు బుట్టలు, అడ్డాకు విస్తర్లు చాలు. మందు సీసాలు, మాత్రల అట్టలు, పురుగుమందు సంచులు మాత్రం ఎంత కడిగినా తేవద్దు. ఆటలో చూసిన సీసానే ఇంట్లో చూస్తే తాగేస్తారు.

తక్కెడ మీరే చేసుకోవచ్చు. 30 సెంటీమీటర్ల చెక్క స్కేలు తీసుకుని, సరిగ్గా 15 దగ్గర, పై అంచుకు ఆనుకుని రంధ్రం వేయండి. కొసల నుంచి ఒక్కో సెంటీమీటరు లోపల గాట్లు పెట్టి కొబ్బరిచిప్పలు వేలాడదీయండి. మధ్య రంధ్రం కింది అంచు వైపు పడితే తక్కెడ నిలవదు, ఏ కాస్త బరువుకైనా ఒక పక్కకు పడిపోతుంది.

ప్రశ్న: లెక్కపెట్టడానికి పిల్లలకు గురిగింజలు, జీడిపిక్కలు, చింతపిక్కలు ఇవ్వొచ్చా? మా ఊళ్లో అవి ఉచితంగా దొరుకుతాయి. – గుణుపురం

జవాబు: గురిగింజలు బడి గడప కూడా దాటి రాకూడదు. ఎర్రగా ముచ్చటగా ఉంటాయి కానీ నమిలితే ప్రాణాంతకం. ఆముదం గింజలు, అడవి ఆముదం గింజలు కూడా అంతే. అడవి ఆముదం గింజ తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలు ఒకటితో ఆగరు. ఎవరైనా నమిలితే వాంతులయ్యేదాకా చూడకుండా ఆ గింజనొకటి చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. విషం ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. పచ్చి జీడిపిక్కల పెంకులోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, అదీ వద్దు.

చింతపిక్కల్లో విషం లేదు. కానీ ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. నాలుగేళ్లు దాటినవారికి, అదీ మీరు పక్కన కూర్చున్నప్పుడే ఇవ్వండి. చిన్నవాళ్లకు 10 సెంటీమీటర్ల వెదురు పుల్లలు మేలు. మేదరివారి దగ్గర చీలికలు తీసుకుని, కొసలు ఉప్పుకాగితంతో రుద్ది, 10 చొప్పున కట్టలు కడితే పదుల లెక్క కూడా వస్తుంది.

ఆటవస్తువుల ప్రమాణాల్లో 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంతో పరీక్ష ఉంది. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు మూడేళ్లలోపు పిల్లలకు పనికిరాదు. మీరు అట్టలో 4 సెంటీమీటర్ల రంధ్రం చేసుకుని, అందులోంచి జారేదాన్ని చిన్నపిల్లల అందుబాటులోంచి తీసేయండి. కొనే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి నుంచి అది తప్పనిసరి.

ప్రశ్న: రాయగడ దగ్గర అంగన్‌వాడీ మాది. పిల్లల్లో కొందరు తెలుగు, కొందరు ఒడియా, కొందరు కువి (కోంధ్ గిరిజనుల భాష) మాట్లాడతారు. పుస్తకాల మూల ఏ భాషలో పెట్టాలి? – ఒక కార్యకర్త

జవాబు: మూడూ ఉండాలి, పిల్లల నోట్లో ఉన్నవన్నీ. ఒడిశా అంగన్‌వాడీల పాఠ్యప్రణాళిక ‘నువా అరుణిమ’ ఇంటిభాషకు చోటిస్తుంది. 2022 నాటి పునాది దశ (మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల) జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా అదే చెబుతుంది.

సామాన్ల చీటీల మీద ముందు బొమ్మ, దాని కింద పేరు ఒడియాలో ఒక రంగుతో, తెలుగులో మరో రంగుతో రాయండి. ఏ రంగు ఏ భాషదో ఏడాది పొడుగునా మార్చవద్దు. అరలో దిమ్మ పెట్టే చోట దాని ఆకారం గీసి ఉంచితే చదవడం రానివారు కూడా తీసింది తీసినచోటే సర్దుతారు.

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు, ఒడియా కథలు ఉచితంగా దొరుకుతాయి. జిరాక్స్ షాపులో తీయించుకోండి. పిన్నులు వద్దు, ఊడి నోట్లోకి వెళతాయి. మధ్యమడత మీద మూడు రంధ్రాలు చేసి దారంతో కుట్టండి. ముందుగా చిరిగేది పేజీ కింది మూల, అక్కడ వెడల్పు టేపు రెండు వైపులా అంటించండి. కువిలో తల్లి చెప్పే పొడుపుకథో పాటో విని, పిల్లలే బొమ్మలు వేసిన ఎనిమిది పేజీల పుస్తకం చేయండి. మీరు అనుకున్న దానికంటే ఎక్కువసార్లు దాన్నే అడుగుతారు.

ఒకేసారి పదికి మించి బయట పెట్టకండి. అట్టముఖం కనబడేలా, నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున కట్టిన తాడు మీద వేలాడదీయండి. మూడు వారాలకోసారి మార్చండి.

ప్రశ్న: పిండిముద్దలు వానాకాలంలో రెండు రోజులకే బూజు పడుతున్నాయి. – బరంపురం

జవాబు: ఉడికించకపోవడమే కారణం. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, రెండు కప్పుల నీళ్లు, రెండు పెద్ద చెంచాల నూనె, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం కలిపి సన్నమంట మీద తిప్పుతూ ఉండండి. గిన్నె అంచులు వదిలి ముద్దయ్యాక దించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పిసకండి. రంగుకు పసుపు, బీట్‌రూట్ రసం చాలు. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పెడితే మూతకు చెమట పట్టి అక్కడే బూజు మొదలవుతుంది. ఆడాక పిల్లలచేత చేతులు కడిగించండి, ఉప్పు కంట్లో పడితే మండుతుంది. మరీ తడి వాతావరణంలో వారానికి సరిపడా మాత్రమే చేసుకోండి.